కుప్పంలో నేను పెరికిన ఎర్త్ వైరు

మదనపల్లెలో కరెంటు పని చేసుకుంటూ ముప్పై ఏళ్లకు పైగా బతికాను. కొత్తగా స్క్రూడ్రైవరు పట్టిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి, పని గురించి నాలుగు మాటలు చెప్పమంటారు. మోటారు వైండింగు ఎట్లా చుట్టాలో, ఫ్యాను ఎందుకు కూస్తుందో ఎవరైనా నేర్పుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. కుప్పంలో ఒక అద్దె ఇంట్లో నా చేత్తో ఒక వైరు పెరికాను. దానివల్ల ఒక టీచరమ్మ చనిపోయింది. ఆ తప్పు తనదేననుకొని ఆమె భర్త ఎనిమిదేళ్లు కుమిలాడు. నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఇది వినడం ఇష్టం లేనివాళ్లు వెళ్లి వైండింగు నేర్చుకోవచ్చు, నేనేమీ అనుకోను.

అద్దె ఇండ్ల పని

డెబ్బైల నడుమ చౌడేపల్లె పక్క పల్లె నుంచి వచ్చి ఖాదర్ బాయ్ అంగట్లో పనికి చేరాను. బాయ్ చెయ్యి తిరిగిన మనిషి. మాట మాత్రం కరుకు. ఆయన అంగడికి కొత్త ఇండ్ల వైరింగు కంటే బదిలీల పనే ఎక్కువ వచ్చేది. తాలూకాఫీసు గుమాస్తాలు, బ్యాంకు వాళ్లు, బడి అయ్యవార్లు మదనపల్లె నుంచి పుంగనూరుకు, పుంగనూరు నుంచి కుప్పానికి మారుతూనే ఉండేవాళ్లు. సామాను కట్టేముందు ఫ్యాన్లు, గ్రైండర్లు, అరుదుగా ఒక ఫ్రిజ్జు ఊడదీయడానికి మమ్మల్ని పిలిచేవాళ్లు. కొత్త ఊళ్లో మళ్లీ బిగించడానికి కొన్నిసార్లు మేమే లారీ వెంట వెళ్లేవాళ్లం.

ఆ రోజుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు జనం బల్బులే కాదు, బల్బు హోల్డర్లు, స్విచ్చులు, ఫ్యాను కొక్కీలు కూడా పెరుక్కొని పోయేవాళ్లు. తాము కొన్నది గోడకు వదిలేస్తే ఇంటివాడికి దానం చేసినట్టు ఫీలయ్యేవాళ్లు. కొత్తగా దిగినవాళ్లకు గోడల నిండా టేపు చుట్టిన వైరు మొనలే స్వాగతం. ఇంటి ఓనర్లు తక్కువ తిన్నారా, వాళ్లూ అంతే. ఒకే మీటరు కింద నాలుగు వాటాలు పెట్టి, ఇస్త్రీ పెట్టె వాడకూడదని, కరెంటు పొయ్యి అసలే వద్దని షరతులు పెట్టేవాళ్లు.

పుంగనూరులో ఒక ఇంట్లో ఓనరు వస్తున్నాడని ఆ ఇల్లాలు కాలే పొయ్యిని గుడ్డలు చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది. ఆయన కూర్చొని కాఫీ తాగి లేచేసరికి పెట్టెలోంచి పొగ. ఆమె చెయ్యి మోచేతి దాకా కాలింది. మరుసటి రోజు నేను పోతే ఆయన నన్ను వాకిట్లోనే నిలబెట్టి, ఆ పొయ్యి బాగు చేయొద్దన్నాడు. కాలిన చెయ్యి గురించి ఒక్క మాట అడగలేదు. అద్దె ఇండ్లలో సగం ప్రమాదాలు కరెంటు వల్ల కావు, ఒకరి దగ్గర ఒకరు దాచడం వల్లే వస్తాయి. ఇది నేను పుంగనూరులోనే నేర్చుకున్నాను. నేర్చుకొని ఏం లాభం, కుప్పంలో నేనే దాచాను.

బాయ్ నేర్పింది

త్రీపిన్ ప్లగ్గుకు గోడలో మూడు బొక్కలు ఉంటాయి కదా. రెంటిలో కరెంటు వచ్చిపోతుంది. పైనున్న పెద్ద బొక్క ఎర్తుది. దాని వెనక నుంచి ఒక వైరు పెరట్లోకి పోయి భూమిలో పాతిన పైపుకు కలవాలి. మిషను లోపల ఎక్కడైనా వైరు నలిగి ఇనుప ఒంటికి తగిలితే, ఆ కరెంటు మనిషిలోంచి పోకుండా ఈ దారిన భూమిలోకి పోతుంది. ఫీజు కొట్టేసి మిషను ఆగిపోతుంది. అంతే దాని పని. ఏళ్ల తరబడి ఏమీ చేయకుండా పడి ఉంటుంది, ఒక్కరోజు పనికొస్తుంది.

కొత్త ఇంట్లో మిషను పెట్టేముందు బల్బు పెట్టి ఆ మూడో బొక్కను చూడాలని బాయ్ నా నెత్తిన మొట్టి నేర్పాడు. బల్బు ఒక వైరు కరెంటు బొక్కలో, రెండోది ఎర్తు బొక్కలో పెడితే వెలగాలి. వెలగకపోతే అది ఉత్త రంధ్రమే. ఒక్క నిమిషం పని. నేను ఎప్పుడూ చూసేవాణ్ణి. కానీ ఇంట్లోవాళ్లకు ఇదంతా ఎవరు చెబుతారని, వాళ్లకు పొట్టి మాట ఒకటి తయారు చేసుకున్నాను. "రెండు బొక్కలుంటే పెట్టొద్దమ్మా. మూడు బొక్కలుంటే భయం లేదు." అందరికీ ఇదే చెప్పేవాణ్ణి. బాయ్ వింటూ కూడా ఏనాడూ దిద్దలేదు.

శ్రీనివాసులు ఇల్లు ఖాళీ చేసిన రోజు

కుప్పంలో రైలు స్టేషను వెనక వీధిలో రుక్మిణమ్మ అనే పెద్దామె ఇల్లు. ముందు వాటాలో ఆమె, వెనక వాటాలో తాలూకాఫీసు గుమాస్తా శ్రీనివాసులు. అరవదేశం పక్కనే కాబట్టి కుప్పంలో గ్రైండర్లు మాకంటే ముందే వచ్చాయి. ఆయన కూడా ఒకటి కొన్నాడు. వంటింట్లో మూడు బొక్కల ప్లగ్గు ఓనరుదే ఉంది గానీ దాని వెనక ఎర్తు లేదు. బాయ్ పంపితే నేనే పోయి పెరట్లో గుంత తవ్వి, పైపు దించి, చుట్టూ బొగ్గులూ ఉప్పూ పోసి, రాగి వైరు వంటింటి దాకా లాగాను. ఆయన భార్య రోజూ ఆ గుంతలో చెంబెడు నీళ్లు పోసేది, తడి ఆరకూడదని నేను చెప్పినందుకు.

మూడేళ్లకు ఆయనకు మదనపల్లెకు బదిలీ అయింది. ఊడదీయడానికి మళ్లీ నేనే పోయాను. గ్రైండరు లారీ ఎక్కింది. అప్పుడు శ్రీనివాసులు నన్ను పెరట్లోకి పిలిచి, పైపూ వైరూ కూడా పెరికేయమన్నాడు. రాగి వైరు, తన డబ్బుతో వేయించుకున్నది, ఎందుకు వదలాలి అన్నాడు. తీస్తాను గానీ ఓనరమ్మకు చెప్పాలి కదా అన్నాను.

"ముసలామెకి చెప్పొద్దప్పా. నా పెరట్లో పాతింది నాదే అని రగడ చేస్తాది. లారీ కదిలేలోగా నువ్వు బిన్నా తీసి, మన్ను సదును చెయ్యి" అన్నాడు.

తీశాను. పైపు పెరికి గుంత పూడ్చి, కాలితో తొక్కి, పైన పొడి మన్ను చల్లాను. గోడలో మిగిలిన జానెడు వైరును అందంగా మడిచి, ప్లగ్గు బోర్డు వెనక దోపి, నాలుగు స్క్రూలూ గట్టిగా బిగించాను. ఆ బోర్డు ఓనరుది కాబట్టి తీయలేదు. బయటికి మూడు బొక్కలూ చక్కగా కనిపిస్తున్నాయి. మూడో బొక్కలో కొంచెం మైనం కూరి ఉంటే చాలు, ఎవ్వరూ ప్లగ్గు పెట్టలేరు. రుక్మిణమ్మతో చెవిలో ఒక మాట వేసినా చాలు. లారీ హారను కొడుతూ ఉంది. ఆమె వాకిట్లో నిలబడి మజ్జిగ ఇచ్చింది. తాగి, లారీ ఎక్కి వచ్చేశాను.

ఎస్తేరమ్మ టీచరు

రెండు నెలలకు మదనపల్లెలో ఎస్తేరమ్మ టీచరుకు కుప్పం బదిలీ వచ్చింది. ఆమె భర్త దానియేలు సారు ఆస్పత్రిలో కంపౌండరుగా చేసి అప్పుడే రిటైరయ్యాడు. టీచరమ్మకు వెనకెప్పుడో బస్సు దిగుతూ పడి కుడి మణికట్టు విరిగింది. వంకరగా అతుక్కోవడంతో రుబ్బురోలు తిప్పలేకపోయేది. అందుకే మదనపల్లెలో వాళ్లున్న అద్దె ఇంట్లో గ్రైండరు. దానికి ప్లగ్గు పెట్టింది నేనే, ఆ ఇంటికి ఎర్తు వేసింది నేనే. ఆ ఎర్తు ఆ ఇంటికే వదిలేసి పోతామన్నారు. తరువాత వచ్చేవాళ్లకు పనికొస్తుందని ఆమె అంది. అట్లా అన్న అద్దెవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

గ్రైండరు ఊడదీసి గోనెసంచి చుట్టి కట్టాను. లారీ వెంట రావాలా అని అడిగితే, అక్కడ బోర్డు అంతా బాగుందట, మేమే పెట్టుకుంటాం, నీకెందుకు అంత దూరం అని ఆమే అంది. ఎలా పెట్టాలో చెప్పి పొమ్మంది.

"మూడు బొక్కలుంటే భయం లేదు టీచరమ్మా" అన్నాను.

ఇల్లు ఎక్కడని అడగలేదు. అడిగి ఉంటే స్టేషను వెనక వీధి అని చెప్పేది. నేను ఎగిరి లేచేవాణ్ణి. బాయ్ అప్పుడే వేరే పనికి పిలిచాడు, వెళ్లిపోయాను.

పది రోజులు కాలేదు. కబురు వచ్చింది. పొద్దున ఇడ్లీలకు నానబెట్టిన పప్పు వేసి గ్రైండరు మీద చెయ్యి పెట్టిన టీచరమ్మ, చెయ్యి తీయలేకపోయింది. దానియేలు సారు పక్క గదిలోంచి వచ్చి మెయిను ఆపేలోపే అయిపోయింది. శవాన్ని మదనపల్లెకు తెచ్చి, వాళ్ల సమాధుల తోటలోనే పెట్టారు. నేనూ మన్ను వేశాను. అప్పటికి నాకు ఇంకా తెలియదు.

బోర్డు వెనక మడత

ఆ గ్రైండరును తెచ్చేయమని సారు కోరితే, బాయ్, నేను కుప్పం పోయాం. బస్సు దిగి స్టేషను వెనక వీధి మలుపు తిరిగేసరికి అది ఏ ఇల్లో నాకు తెలిసిపోయింది. రుక్మిణమ్మ తలుపు తీసింది. నన్ను గుర్తుపట్టి, "నువ్వా అప్పా, సూడు నా ఇంట్లో ఎంత ఘోరం జరిగిందో" అని ఏడ్చింది. పెరట్లో నేను సదును చేసిన చోట ఆమె బంతి నారు నాటి ఉంది.

బాయ్ ముందు గ్రైండరు విప్పాడు. లారీలోంచి దించేటప్పుడు పడి, లోపల వైరు ఇనుప అంచుకు నలిగి, పైతొడుగు తెగింది. అది నిజమే. తరువాత బల్బు పెట్టి మూడో బొక్క చూశాడు. వెలగలేదు. బోర్డు స్క్రూలు విప్పాడు. మడిచి దోపిన జానెడు వైరు బయటికి వచ్చింది. మొన మీద టేపు ఎట్లా చుట్టాలో, ఎట్లా మడవాలో నాకు నేర్పింది ఆయనే. దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మళ్లీ లోపలికి తోసి స్క్రూలు బిగించాడు.

తిరిగొచ్చే బస్సు వీకోట దాటింది. అప్పుడు బాయ్ అన్నాడు: "నీ మడత నాకు తెల్దా? నోరు తెరిస్తే నువ్వు జైల్లో ఉంటావు, నేను అంగడి మూసుకోవాల. మిషను వైరు నలిగింది. అంతవరకే మనకు తెలుసు."

బాయ్ గురించి చెడుగా చెప్పడం నాకు కష్టం. అన్నం పెట్టినవాడు. అయినా ఆ రోజు ఆయన చేసింది తప్పు. దాన్ని గబుక్కున పట్టుకొని ఊపిరి పీల్చుకున్న నాది ఇంకా పెద్ద తప్పు. లోకువవుతానని ఇది చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను గానీ, నిజం చెబుతున్నాను, ఆ మాట వినగానే నాకు ఆకలేసింది.

వారానికి దానియేలు సారు అంగడికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మూడు బొక్కలే ఉన్నింది రెడ్డెప్పా. నీ మాట తలుచుకొని, లెక్కబెట్టి మరీ పెట్టింది. యాల ఇట్లయిపాయ?"

నేను బల్ల మీది ఇస్త్రీ పెట్టెను దగ్గరికి లాక్కున్నాను. లోపలి నుంచి బాయ్ వచ్చి, లారీలో వైరు నలిగింది సార్ అన్నాడు. సారు ఆ పొద్దు వంటిల్లు కడిగింది తానేనని, రిటైరయ్యాక ఆమెకు సాయంగా ఆ పని పెట్టుకున్నానని, తుడిచి ఆరబెట్టకుండానే ఆమె వచ్చి నిలబడిందని చెప్పాడు. ఆ తడి వల్ల ఏమైనా అయిందా అని అడిగాడు.

బాయ్ తల వంచుకొని, తడి ఉంటే షాకు గట్టిగా కొడుతుంది సార్ అన్నాడు. అది కూడా నిజమే. ఆ సగం నిజాన్ని ఆయన ఇంటికి తీసుకుపోయాడు. నేను ఇస్త్రీ పెట్టె విప్పుతూ తల ఎత్తలేదు.

ఎనిమిదేళ్లు

సారు మదనపల్లెలోనే ఒక చిన్న అద్దె ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు. బల్బు మార్చడానికో, ఫ్యాను చూడడానికో ఏడాదికి రెండుసార్లు నన్నే పిలిచేవాడు. స్నానాల తొట్టిలో తప్ప ఇంట్లో ఎక్కడా నీటి చుక్క ఉండేది కాదు. నేలను పొడిగుడ్డతో తుడిచేవాడు, దుమ్ము పొరలు పొరలుగా ఉండేది. అన్నం హోటల్లో. స్నానం చేసి కాళ్లు మూడుసార్లు తుడుచుకొని గానీ గడప దాటేవాడు కాదు. పనివాళ్లకు నేల చూపించి, "నీళ్లు వద్దప్పా, ఒకసారి అయింది చాలు" అనేవాడు. ప్రతిసారీ చెబుదామనే పోయేవాణ్ణి. ప్రతిసారీ బల్బు మార్చి వచ్చేవాణ్ణి. బాయ్ పోయాక అంగడి నా చేతికి వచ్చింది. అప్పుడు నన్ను ఆపేవాళ్లు ఎవరూ లేరు, అయినా చెప్పలేదు.

అటక మీద

ఎనిమిదో ఏడు శ్రీనివాసులు మదనపల్లెలోనే ఇంకో ఇంటికి మారుతూ నన్ను పిలిచాడు. అటక మీది సామాను దించుతుంటే ఒక గోనె తగిలింది. లోపల ఇనుప పైపు, చుట్ట చుట్టిన రాగి వైరు. పైపుకు కుప్పం మన్ను ఇంకా అట్టకట్టి ఉంది. మదనపల్లెలో ఆయన గ్రైండరు బిగించింది నేను కాదు. ఇదేంటి, వాడలేదా అని అడిగాను.

"ఈ ఇంట్లో ముందే ఎర్తు ఉన్నింది కదప్పా, అవసరం పడలా. కావాలంటే నువ్వు ఎత్తుకొని పో" అన్నాడు.

ఆయనకు ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలుసో లేదో నేను అడగలేదు. అటక మీద ఊరికే పడి ఉండడానికా దాన్ని పెరికింది. పని సగంలో వదిలేసి నిచ్చెన దిగి, నేరుగా దానియేలు సారు ఇంటికి పోయాను.

ఆయన గడపలో కుర్చీ వేసుకొని ఉన్నాడు. నిలబడే చెప్పాను. శ్రీనివాసులు అడిగింది, నేను పెరికింది, గుంత పూడ్చింది, వైరు మడిచి దోపింది, బాయ్ చూసింది, అంగట్లో మేమిద్దరం ఆయనకు చెప్పనిది. మధ్యలో ఆయన ఒక్కసారి కూడా ఆపలేదు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని విన్నాడు.

అంతా విన్నాక అడిగాడు. "అట్లయితే నేను కడిగిన నీళ్లు కాదా?"

"నీళ్లు వంటింట్లో ఎప్పుడూ ఉంటాయి సార్. ఉంటాయనే ఆ వైరు వేసేది" అన్నాను.

పిల్లల్లారా, ఈ ఒక్క మాట చెప్పడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది. పోలీసులకు పట్టిస్తాడేమో అనుకున్నాను, కొడతాడేమో అనుకున్నాను. పట్టించినా బాగుండేది. మీరు ఇల్లు ఖాళీ చేయించే పనికి పోతే, తీసినది ఏదో అక్కడ మిగిలినవాళ్లకు నోరు తెరిచి చెప్పి రండి. రగడ అయితే కానీండి. తప్పు జరిగితే ఆ రోజే చెప్పండి. మీరు మిగుల్చుకున్న ప్రతి రోజునూ ఇంకెవరో మోస్తుంటారు.

సారు లేచి నిలబడ్డాడు. గోడ పట్టుకొని, ఇంకొకటి అడిగాడు.

"ఆ పెరుక్కొని పోయిన వైరు, వాళ్లకన్నా పనికొచ్చిందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "లేదు సార్. అటక మింద పడుండాది."

ఆయన నా ముఖంలోకి చూశాడు. గొంతు పెంచలేదు.

"ఎనిమిదేండ్లు నన్ను ఆ నీళ్లలోనే నిలబెట్టినావు కదప్పా" అన్నాడు.

లోపలికి వెళ్లాడు. నన్ను ఉండమనలేదు, పొమ్మనలేదు. నేను చెప్పులు వేసుకొని వీధిలోకి వచ్చాను. నాలుగు అడుగులు కూడా వేయలేదు, వెనక ఆయన ఇంట్లో తొట్టిలో చెంబు ముంచిన చప్పుడు, తరువాత నేల మీద నీళ్లు పడిన చప్పుడు వినిపించాయి.